ప్రక్కన పెట్టబడిన గాజు: మైకేల్ ఫారడే జీవితము

ధ్యాన భాగము: 1 పేతురు 5:6, గలతీయులకు 6:1, 2



మన ప్రార్థన మందిరములోని ఫ్యాను ఒక్కొక్కప్పుడు తిరుగక మొరాయించును. కరెంటు పనివాడు వచ్చి చూచి, కండెన్సరు పోయినదని చెప్పి, బొటనవ్రేలంత డబ్బా ఒకటి తీసివేసి క్రొత్తది బిగించును. పొలములో మోటారుకును అట్టిదే ఒకటి యుండును. ఆ డబ్బామీద ఒక అంకె, దాని ప్రక్కన మైక్రోఫారడ్ అను మాట అచ్చువేసి యుండును. కిలో, గజము వలె అది ఒక కొలత పేరు. అయితే ఆ పేరులో ఒక మనుష్యుని పేరున్నది. ఆయన మైకేల్ ఫారడే. ఆయన కమ్మరి కుమారుడు. లోకము మెచ్చిన శాస్త్రజ్ఞుడు. ఒక చిన్న సంఘములో పెద్ద. ఈ నెల ఆయన జీవితమును మీ యెదుట ఉంచగోరుచున్నాము.

ఆ డబ్బాను విప్పి చూచినయెడల రెండు పలుచని లోహపు పొరలును, వాటి నడుమ విద్యుత్తును పోనియ్యని మరియొక పొరయు కనబడును. లోహము పనిచేయుచున్నదని ఎవరైనను చెప్పగలరు. నడుమనున్న పొర ఊరక అడ్డముగా పడియున్నట్లు తోచును. కాని ఆ పొర ఊరక ఉండుటలేదనియు, రెండు వైపుల బలమును తన అణువణువునందు భరించుచున్నదనియు రుజువుచేసినవాడు ఫారడే. ఆయన ఈ సంగతిని గాజునందును, లక్కయందును, గంధకమునందును కనుగొనెను. ఆయన జీవితములో కూడ అట్టి దినములు వచ్చెను.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను నగరము ప్రక్కనున్న న్యూయింగ్‌టన్‌లో జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి, తరచుగా జబ్బుపడువాడు. నలుగురు బిడ్డల ఆ ఇంటిలో, వారమంతటికి ఒక్క రొట్టెతో ఆ బాలుడు సరిపెట్టుకొనిన దినములు కూడ ఉండెనట. చదువన, కొంచెము చదువుట, వ్రాయుట, లెక్కలు చేయుట మాత్రమే. పదుమూడేండ్లకు ఒక పుస్తకముల దుకాణములో పిలుపులకు తిరుగు పిల్లవానిగా చేరి, మరుసటి సంవత్సరము అక్కడనే పుస్తకములు కుట్టి అట్టవేయు పనిని ఏడేండ్లు నేర్చుకొనుటకు ఒప్పుకొనెను.

అట్టవేయుటకు వచ్చిన పుస్తకములను ఆయన చదువసాగెను. ఒక విజ్ఞాన సర్వస్వములో విద్యుత్తును గూర్చిన భాగము ఆయన మనస్సును పట్టుకొనెను. గాజు సీసాతో చిన్న యంత్రమును తానే చేసికొని, అందులో చదివినవి నిజమా కాదా అని పరీక్షించి చూచెను. మన ఆరాధనలలో పాడు కీర్తనలలో కొన్నిటిని ఇంగ్లీషులో రచించిన ఐజాక్ వాట్సు, మనస్సును వృద్ధిచేసికొనుటను గూర్చి కూడ ఒక గ్రంథము వ్రాసెను. అదియు ఈ పిల్లవానికి గురువాయెను. చూచినదానిని వ్రాసిపెట్టుకొనవలెనని ఆయన నేర్చుకొని, ఆ అలవాటును ముసలితనము వరకు మానలేదు.

1812లో దుకాణమునకు వచ్చు ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషను అను విద్యాలయములో సర్ హంఫ్రీ డేవీ చేయు ప్రసంగములకు ఆయనకు టిక్కెట్లు ఇచ్చెను. ఫారడే నాలుగు ప్రసంగములు విని, వాటిని శ్రద్ధగా వ్రాసి, తన చేతులతోనే అట్టవేసి డేవీకి పంపి, పని ఇమ్మని వేడుకొనెను. 1813 మార్చిలో ఆయనకు అక్కడ సహాయకుని పని దొరికెను. అది మొదలుకొని సుమారు ఏబది సంవత్సరములు ఆ భవనమే ఆయనకు పనిచోటు. దానిలో ఎక్కువ కాలము ఇల్లును అదే.

ఫారడే కుటుంబము శాండిమేనియనులు అను చిన్న సంఘమునకు చెందినది. స్కాట్‌లండులో జాన్ గ్లాస్ అను బోధకునివలన అది మొదలై, ఆయన అల్లుడు రాబర్ట్ శాండిమన్ పేరున పిలువబడెను. జీతము తీసికొను పాదిరి వారికి ఉండలేదు. పెద్దలే వాక్యము చెప్పుచుండిరి. ఆదివారమున ఆరాధనల నడుమ అందరు కలిసి భోజనము చేయుచుండిరి. ధనమును కూడబెట్టరాదని మత్తయి 6:19లోని ప్రభువు మాటను ఉన్నది ఉన్నట్టు పాటింపజూచుచుండిరి. 1821 జూనులో ఫారడే ఆ సంఘములోని సారా బర్నార్డును వివాహమాడెను. వారికి బిడ్డలు కలుగలేదు. మరుసటి నెలలో ఆయన సంఘము ఎదుట తన విశ్వాసమును ఒప్పుకొని సభ్యుడాయెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో, విద్యుత్తు ప్రవహించు తీగెను అయస్కాంతము చుట్టు తిరుగునట్లు చేసెను. ఇప్పుడు మన ఫ్యానులును మోటార్లును తిరుగుటకు మూలము అదియే.

ఇప్పుడు గాజు సంగతి చెప్పెదము. ఆ దినములలో దూరదర్శినులకు కావలసిన మేలైన గాజు బవేరియా దేశములో తయారగుచుండెను. ఇంగ్లండులో చేసినది అంత బాగుగా లేదు. గీతలును బుడగలును లేని గాజును చేయవలెనని పెద్దలు ఒక కమిటీ పెట్టి, ఆ పనిని 1825లో ఫారడేకు అప్పగించిరి. సీసము, బోరికామ్లము, సిలికా కలిపి కరగించి, ప్లాటినము పళ్లెములలో పోసి, కలిపి, మెల్లమెల్లగా చల్లార్చుట ఆయన పని. 1827లో కొలిమి యొద్ద సహాయమునకు సైన్యములో సార్జంటుగా ఉండిన చార్లెస్ ఆండర్సను చేరెను. ఇంటికి పొమ్మని చెప్పుట ఫారడే ఒకనాడు మరచిపోగా, అతడు తెల్లవారువరకు కొలిమిని మండించుచునే యుండెనని చెప్పుదురు. అతడు 1866లో తాను చనిపోవువరకు ఫారడే యొద్దనే పనిచేసెను.

సంవత్సరములు గడచెను. బరువైన గాజు తయారైనది గాని దూరదర్శినులకు కోరిన ఫలితము రాలేదు. ఇతర పరిశోధనలకు సమయము చిక్కక ఫారడే విసిగి, తన్ను ఈ పనినుండి విడువుమని పెద్దలను కోరెను. గాజుముక్కలు అలమారులోనికి పోయెను. ఇంత కాలము, ఇంత శ్రమ వ్యర్థమాయెనని చూచువారు అనుకొనదగిన సంగతియే.

అటుపిమ్మట ఆయన చేతినుండి ఒకదానివెంట ఒకటి గొప్ప సంగతులు వెలువడెను. 1831 ఆగస్టు 29న అయస్కాంతమువలన విద్యుత్తు పుట్టు విధమును కనుగొనెను. 1833లో, పలుచని మంచుగడ్డ కూడ విద్యుత్తును ఆపుననియు, అది కరిగి నీరైన వెంటనే విద్యుత్తు సాగుననియు చూచెను. అనేక లవణములు అట్లే గడ్డగా ఉన్నప్పుడు ఆపును, కరిగినప్పుడు పోనిచ్చును. ఆ సంవత్సరమే వెండియు గంధకమును కలిసిన ఒక పదార్థమును వేడిచేసి చూచెను. వేడిచేసిన లోహములో విద్యుత్తు ప్రవాహము తగ్గవలెను, ఇందులో హెచ్చెను. నేడు మన రేడియోలలోను ఫోనులలోను ఉండు సెమీకండక్టర్ల స్వభావమును మొదట వ్రాసిపెట్టినవారిలో ఆయన ఒకడు. పోనిచ్చు పదార్థములు ఒక జాతి, ఆపు పదార్థములు వేరొక జాతి అని గోడ కట్టుట సరికాదనియు, ఉన్న భేదము ఎక్కువ తక్కువలదే అనియు ఆయనకు తోచెను.

1837లో ఆయన ఒకే కొలతగల రెండు ఇత్తడి పాత్రలు చేయించెను. ప్రతిదానిలో ఒక గోళములోపల మరియొక గోళము, నడుమ ఖాళీ. ఒకదాని ఖాళీలో గాలిని ఉంచి, రెండవదానిలో సగము మేర లక్కను నింపెను. ఈ లక్క మనకు క్రొత్తది కాదు. మన దేశపు అడవులలో మోదుగ, రేగు మొదలైన చెట్లకొమ్మలమీద చిన్న పురుగులు చేయు లక్కయే. గాజులకును ముద్రలకును వాడుదుము. అది ఆ కాలములో మన దేశమునుండి ఇంగ్లండుకు పోవుచుండెను. ఒక పాత్రలో విద్యుత్తును నింపి రెండవదానితో పంచగా, లక్కయున్న పాత్ర ఎక్కువ భాగము తీసికొనెను. లెక్కవేయగా, అదే చోటును గాలి నింపినప్పటికంటె లక్క నింపినప్పుడు పట్టు విద్యుత్తు రెండు రెట్లకు దరిదాపుగా తేలెను. గంధకమునకు రెండింతలకు పైగా వచ్చెను. గాజు కూడ గాలికంటె ఎక్కువే పట్టెను.

అప్పటి పండితులలో అనేకులు విద్యుత్తు బలము దూరమునుండియే పనిచేయుననియు, నడుమనున్న పదార్థము దారికి అడ్డమే గాని మరేమియు కాదనియు తలంచిరి. అట్లు కాదు, నడుమనున్న ప్రతి అణువును ఆ ఒత్తిడిని భరించి, ప్రక్క అణువునకు అందించుచున్నదని ఫారడే చెప్పెను. ఇట్టి పదార్థములకు డైఎలెక్ట్రిక్ అను పేరును ఆయన స్నేహితుడు విలియం హ్యూవెల్ సూచించెను.

ఇంకొక వింత ఆయనకు కనబడెను. పాత్రలోని విద్యుత్తును పూర్తిగా తీసివేసి కొంతసేపు ఊరకుంచగా, మరల కొంచెము విద్యుత్తు పైకి వచ్చెను. గాజు, లక్క, గంధకము, మైనమువంటి పదార్థము, ఇవన్నియు లోలోపల కొంత దాచుకొని నిదానముగా తిరిగి ఇచ్చెను. అందుచేతనే పెద్ద కండెన్సరును, కరెంటు ఆపిన తరువాత కూడ, తెలియనివారు ముట్టరాదు.

దీని కారణము తరువాతి కాలమున తేటపడెను. ఉప్పుగల్లులో అణువులు వరుసలు తీసి నాటిన నారువలె క్రమముగా ఉండును. గాజులో అవి వెదజల్లిన విత్తనములవలె, వరుస తప్పి, ఉన్నచోటనే బిగిసిపోయి యుండును. ఒకటి ఇరుకున, ఒకటి విశాలమున. కొన్ని వెంటనే కదలును. కొన్ని ఆలస్యముగా కదలును. గనుక తీసికొనుటయు ఆలస్యము, తిరిగి ఇచ్చుటయు ఆలస్యము. 1854లో జర్మనీ దేశస్థుడైన రూడోల్ఫ్ కోల్‌రాష్ ఈ ఆలస్యమును కొలిచి ఒక సూత్రమును వ్రాసెను. గాజు చల్లగా ఉన్నప్పుడు విద్యుత్తును ఆపినను, మిక్కిలి కాల్చినప్పుడు దానిలోని సోడియము వంటి అణువులు కదలి కొంత పోనిచ్చును. 1958లో అమెరికా దేశస్థుడైన ఫిలిప్ ఆండర్సను, క్రమము తగినంతగా చెడిన పదార్థములో ఎలక్ట్రానులు సాగిపోలేక ఒకచోటనే చిక్కుకొనునని చూపెను. 1977లో ఆయనకును, నెవిల్ మాట్‌కును, జాన్ వాన్ వ్లెక్‌కును నోబెలు బహుమానము వచ్చెను. ఫారడే తన పాత్రలతో తొంగిచూచిన ఇంటిలోనికి వీరు దీపము పట్టుకొని ప్రవేశించిరి.

ఇక ఆయన శోధన దినములు. 1840లో సంఘము ఆయనను పెద్దగా ఏర్పరచెను. ఆయన ఆదివారములు వాక్యము చెప్పుచు, బీదలను రోగులను దర్శించుచుండెను. ఆ కాలముననే ఆయన ఆరోగ్యము చెడెను. తల తిరుగుట, మతిమరపు ఎక్కువై, కొన్ని సంవత్సరములు పరిశోధన చాలవరకు నిలిచిపోయెను. ఇది చాలదన్నట్లు 1844 మార్చి నెలాఖరున సంఘము ఆయనను వెలుపల ఉంచెను. ఒక ఆదివారము రాణి భోజనమునకు పిలువగా ఆరాధన మాని వెళ్లినందుననే ఇట్లు జరిగెనని ఒక కథ చాలకాలము చెప్పబడినది. అయితే ఆ దినములలో ఆ సంఘములో ఒక వివాదము రేగెననియు, ఆయనతోపాటు మరి అనేకులును వెలివేయబడిరనియు తెలియుచున్నది.

ప్రియులారా, ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింతము. ఆయన వయస్సు అప్పటికి ఏబది రెండు. ఐరోపా అంతట ఆయన పేరు తెలియును. ఆయన సంఘమో, పదిమందికి తెలియని చిన్న గుంపు. ఆయన కోరినయెడల మరి ఏ పెద్ద సంఘమైనను సంతోషముతో చేర్చుకొనియుండును. తన ఇంటిలోనే వేరు కూటము పెట్టుకొనవచ్చును. మన గ్రామములలో ఏమి జరుగుచున్నదో మనకు తెలియును. ఒక పెద్దను సంఘము సరిదిద్దిన మరుసటి ఆదివారమే వీధి చివర క్రొత్త పాక లేచును. ఒకే గ్రామములో రెండు గంటలు మ్రోగును. ఒకే తల్లి బిడ్డలు వేరువేరు బల్లలయొద్ద కూర్చుందురు. తప్పు ఎవరిదైనను, గాయపడునది క్రీస్తు శరీరమే.

ఫారడే అట్లు చేయలేదు. ఆయన మనస్సు మిక్కిలి నలిగెను. అయినను ఆయన కనిపెట్టుకొని యుండెను. మే నెలలో సంఘము ఆయనను మరల చేర్చుకొనెను. పెద్దరికము మాత్రము తిరిగి ఇయ్యలేదు. పదునారు సంవత్సరములు, అనగా 1860 వరకు, ఆయన సామాన్య సభ్యునిగా ఆ బల్లయొద్దనే కూర్చుండెను.

ఇట్లు చేర్చుకొనబడిన మరుసటి సంవత్సరమున, 1845లో, ఆయన మరల పరిశోధనాలయములో పట్టుదలతో పనిచేసెను. వెలుగునకును విద్యుత్తునకును సంబంధముండవలెనని ఆయన నమ్మకము. త్రాటిని ఒకచివర పట్టి పైకి క్రిందికి ఊపినట్లు, ఒకే దిక్కున ఊగునట్టి వెలుగును సిద్ధపరచి, విద్యుత్తు ఒత్తిడిలో ఉన్న అనేక పదార్థములగుండ పంపెను. ఏమియు కనబడలేదు. అప్పుడు అయస్కాంతమును ప్రయత్నించెను. మామూలు గాజులో ఏమియు లేదు. స్ఫటికములలో ఏమియు లేదు. సెప్టెంబరు 13వ తేదీన, పూర్వము తాను చేసి ప్రక్కన పెట్టిన ఆ బరువైన గాజుముక్కను తెచ్చి అయస్కాంతపు కొనలయొద్ద ఉంచెను. దానిగుండ పోయిన వెలుగు ఊగు దిక్కు కొంచెము తిరిగెను. వెలుగునకు అయస్కాంతముతో సంబంధమున్నదని లోకములో మొదటిసారి కనబడినది ఆ గాజులోనే. నవంబరులో అదే గాజు కడ్డీని దారముతో వ్రేలాడగట్టగా, ఇనుమువలె అయస్కాంతపు కొనలవైపు తిరుగక, వాటికి అడ్డముగా నిలిచెను. దానివలన మరియొక క్రొత్త సంగతి బయలుపడెను.

ఆయన బ్రదుకంతయు వెదకి కనుగొనలేనిదియు ఒకటి మిగిలెను: విద్యుత్తు ఒత్తిడిలో ఉన్న గాజు వెలుగును మార్చునా అను సంగతి. ఆయన చనిపోయిన ఎనిమిదేండ్లకు, 1875లో, జాన్ కెర్ర్ దానిని గాజులోనే కనుగొనెను. ఈయన స్కాట్‌లండు ఫ్రీ చర్చివారి వేదపాఠశాలలో చదివి, గ్లాస్గోలో ఆ చర్చివారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధించినవాడు. విత్తువాడొకడు, కోయువాడొకడు అని ప్రభువు యోహాను 4లో చెప్పిన సంగతి ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. గాజులోని విద్యుత్తును చూపి విశ్వాసమును రుజువుపరచుట ఫారడేకు ఇష్టముండదు. సృష్టింపబడినవాటిలో దేవుని అదృశ్య లక్షణములు తేటపడుచున్నవను రోమీయులకు 1:20వ వచనమును ఆయన నమ్మెను. అయితే రక్షణను గూర్చిన జ్ఞానము మనుష్యుని తెలివివలన కాక దేవుని వాక్యమువలననే కలుగునని 1854లో ఒక ప్రసంగములో అందరియెదుట ఒప్పుకొనెను. గనుక గాజు మనకు ఒక పోలికయే గాని ప్రమాణము కాదు.

ఆ పోలికను మాత్రము విడిచిపెట్టము. ప్రక్కన పెట్టబడుట వ్యర్థమగుట కాదు. పోనియ్యక నిలిచియున్నది ఊరక ఉన్నదని తలంచరాదు. లోపల అది భారము భరించుచుండవచ్చును. దేవుని బలిష్ఠమైన చేతిక్రింద దీనులై యుండువారిని ఆయన తగిన కాలమందు హెచ్చించునని పేతురు వ్రాసెను. ఆ తగిన కాలమును ఏర్పరచువాడు దేవుడే. గాజుకు సుమారు పదునైదు సంవత్సరములు పట్టెను. ఫారడే పెద్దరికమునకు పదునారు. సంఘమునకును ఇందులో పాఠమున్నది. శిక్షించిన సంఘమే కొన్ని వారములలో మరల తలుపు తెరచెను. శిక్షింపబడినవానిని క్షమించి ఆదరించుడని పౌలు 2 కొరింథీయులకు 2లో చెప్పెను గదా. వెలుపల పెట్టుట మనకు త్వరగా వచ్చును. లోపలికి పిలుచుట ఆలస్యమగును. గాజువలె నిదానముగానైనను తిరిగి ఇచ్చుదుము గాక.

ఫారడే రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు వద్దనెను. 1858లో రాణి హాంప్టన్ కోర్టులో ఒక ఇల్లు ఉచితముగా ఇచ్చెను. ముసలితనమున జ్ఞాపకశక్తి క్రమక్రమముగా ఆయనను విడిచిపోయెను. 1867 ఆగస్టు 25న ఆ ఇంటిలోనే కుర్చీలో కూర్చుండియే ప్రభువునందు నిద్రించెను. రాజులును పండితులును పాతిపెట్టబడు వెస్ట్‌మినిస్టర్ ఆలయములో సమాధి ఆయన కోరలేదు. హైగేట్ శ్మశానములో, పేరును తేదీలును మాత్రము చెక్కిన సాదా రాతిక్రింద ఆయనను ఉంచిరి.

ఈసారి మందిరములో ఫ్యాను తిరుగుట చూచినప్పుడు, ఆ చిన్న డబ్బాలో కనబడకుండ భారము మోయుచున్న పొరను తలంచుకొందము. మన సంఘములో వెనుక బల్లమీద మౌనముగా కూర్చున్న సహోదరుడెవరో, రాక మానివేసిన సహోదరి యెవరో కూడ తలంచుకొందము. ఈ వారము వారి ఇంటి గడప త్రొక్కుదము. సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తెచ్చు కృపను, భారములు భరించు ఓర్పును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.